మూడో షెడ్డులో బ్రోమిన్

"ఒక్క ఫోటోకి ఇంత బతిమాలించుకోడమేటి మేడమ్? కొత్తిల్లు ముందర అందరం నిలబడితే నువ్వొక్కదానివీ లోనికెల్లిపోతావా?" చిన్నమ్మలు పొద్దుట్నుంచీ వదలడం లేదు.

"ఇష్టం నేదంటే ఒగ్గీ," అన్నాడు ఆమె మొగుడు సోంబరు, కాఫీ బస్తా మూతి కుడుతూ.

"రెండేళ్లుగా మన కుండలో కూడు తింతంది. ఇష్టం ఎందుకుండదు?"

సుమ నవ్వి పెరట్లోకి నడిచింది. కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగం ఆమె వేషం. గూఢచారికి ఫోటో ఉండకూడదు.

చెవిలోని ఇయర్‌పీస్‌లో విశాఖ నుంచి చీఫ్ వరహాలరావు గొంతు పలికింది. "విదేశీ ముఠా మెసేజ్ దొరికింది. టూ-బ్రోమోబ్యూటేన్."

బ్యూటేన్‌లో నాలుగు కార్బన్లు వరసగా ఉంటాయి. చిన్నమ్మలు వాళ్లు పనిచేసే ఎస్టేట్‌లో కాఫీ షెడ్లూ నాలుగే, వరసగానే. ముఠా భాషలో బ్రోమిన్ అంటే బాంబు. ఈ మధ్యాహ్నం విదేశీ కొనుగోలుదారులు అక్కడే కాఫీ రుచి చూడబోతున్నారు. పళ్లు కోసే ఆడవాళ్లంతా వాళ్ల పక్కనే ఉంటారు.

"ఎవరిచ్చారు సర్?"

"కామేష్."

కామేష్ అందగాడు. ఎగుమతి వ్యాపారిగా ముఠాలో చేరిన మన ఏజెంట్. ఈ కొండల్లో ఆమె అసలు పేరు తెలిసింది అతనొక్కడికే. ఎప్పుడైనా అతను ఆ పేరుతో పిలిస్తే సుమకి సొంత ఇంటికి వెళ్లొచ్చినట్టుండేది.

సుమ ఎస్టేట్ చేరేసరికి మఫ్టీ టీమ్ రోడ్డు వైపు నుంచి రెండో షెడ్డు గాలించేసింది. ఏమీ లేదు.

"ఉత్త బెదిరింపు," అన్నాడు కామేష్ ఆమె పక్కకొచ్చి. "దాని పాత పేరు కూడా పంపారు. సెకండరీ బ్యూటైల్ బ్రోమైడ్. రెండోదేగా?"

సుమ అతని మొహంలోకి చూసింది. అతను చదివింది కెమిస్ట్రీయే. సెకండరీ అంటే రెండో నంబరు కాదని, బ్రోమిన్ ఉన్న కార్బన్‌కి రెండు పక్కలా కార్బన్లున్నాయని అర్థమని అతనికి తెలుసు. తెలిసే అబద్ధమాడుతున్నాడు. అంటే ముఠాకి అమ్ముడుపోయాడు.

మొన్ననే సోంబరు కూతురు చిట్టి త్రీ-బ్రోమోబ్యూటేన్ అని రాస్తే సుమ కొట్టేసింది. ఏ కొస నుంచి లెక్కపెడితే చిన్న నంబరొస్తుందో ఆ కొస నుంచే పేరు పెట్టాలి. రోడ్డు నుంచి మూడో షెడ్డు, అవతలి కొసన పారే గెడ్డ వైపు నుంచి రెండోది.

అందులో చిన్నమ్మలు అతిథులకి కాఫీ పోస్తోంది.

సుమ పరుగున లోపలికెళ్లింది. "అందర్నీ తీసుకుని బయటికి నడు. బేగి."

"కాఫీ సల్లారిపోద్ది మేడమ్."

"నడు."

సుమ గాజు తిప్పింది. అందులో ఫోన్ సిగ్నల్ ఆపే జామర్ ఉంది. షెడ్డుకి దూరంగా వెళ్లి నిలబడ్డ కామేష్, బాంబు పేల్చే ఫోన్‌ని బొటనవేలితో నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తల ఎత్తేసరికి ఎదురుగా సుమ చేతిలో పిస్టల్. దాన్ని అందరూ చూశారు.

బస్తాల కింద బాంబు దొరికింది. బేడీలు పడుతుంటే కామేష్ ఆమెని అసలు పేరుతో పిలిచాడు. "నంబరు తప్పు చెప్పలేదు కదా, ఏ కొస నుంచో చెప్పలేదంతే," అన్నాడు.

ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇక లేరు.

సాయంత్రం అందరూ అన్నాలకి కూర్చున్నారు.

"రేపు పొద్దున్నే వెళ్లిపోతున్నాను," అంది సుమ నెమ్మదిగా, అందరికీ వినపడేలా. "మళ్లీ రాను. ఫోన్ కూడా చెయ్యను."

సోంబరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. "పేరన్నా సుమేనా?"

"కాదు."

ఆ ఇంట్లో తన గురించి ఆమె చెప్పిన మొదటి నిజం అది.

చిన్నమ్మలు గరిటె గాల్లోనే ఆపింది. "అయితే ఈ కూర ఎవలికెయ్యాల?"