ఆదివారం పేర్లు

జర్మనీలో పాడర్‌బోర్న్ అనే ఊళ్ళోని ఒక చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లో గీతిక వర్క్‌స్టూడెంట్; చదువుకుంటూ పార్ట్‌టైం పనిచేస్తోంది. రెండో లాక్‌డౌన్ పెట్టాక అందరూ ఇళ్ళ నుంచే పనిచేస్తున్నారు. కొత్త పాటలు కంప్యూటర్లో ఎక్కించడానికి మాత్రం ఎవరో ఒకరు స్టూడియోకి రావాలి. ఆ డిసెంబరు ఆదివారం గీతిక వంతు.

సాయంత్రం నాలుగింటికే చీకటి పడింది. ఖాళీ కారిడార్ నిండా శానిటైజర్ వాసన. ఆమె మనసు మాత్రం చంద్రిక మీదే ఉంది. సొంత చెల్లెలు కాకపోయినా చెల్లెల్లాంటి స్నేహితురాలు; ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. చంద్రికకి కరోనా వచ్చి, ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. చూడ్డానికి ఎవర్నీ రానివ్వడం లేదు.

పని చేస్తూనే స్టేషన్ మేనేజర్ ఫ్రావ్ లెమ్కెతో ల్యాండ్‌లైన్‌లో మాట్లాడుతోంది. స్టేషన్ పాత సంగతులు చెప్పడమంటే ఆవిడకి సరదా. ఇప్పుడంటే హిట్ పాటలు. అంతకుముందు పొద్దస్తమానం వార్తలు, చర్చలు. దానికి ముందు కుర్రాళ్ళ కోసం రాక్ సంగీతం. ఇంకా ముందు పాతకాలపు జర్మన్ పాటలు.

"మరి మొట్టమొదట?" అంది గీతిక.

ఆవిడ తటపటాయించింది. "ఆదివారాలు ఆస్పత్రిలో ఉన్నవాళ్ళకి శుభాకాంక్షలు చెప్పేవాళ్ళం. ఒక పెద్దాయన పేర్లు చదివేవాడు. ఆయన నోట ఎవరి పేరొస్తే వాళ్ళిక ప్రాణాలతో ఇంటికి రారని ఊళ్ళో పుకారు పుట్టింది. ఆయన పోయాక ఆ కార్యక్రమం తీసే..."

లైన్ తెగిపోయింది.

స్పీకర్లలో పాట ఆగి, వార్తలు మొదలయ్యాయి. ఎప్పటివో ఎన్నికల ఫలితాలు. గీతిక స్క్రీన్ చూసింది. అక్కడ హిట్ పాటే నడుస్తోంది. వార్తలు తెగి గిటార్లు మోగాయి. గిటార్లు తెగి అకార్డియన్...

స్టేషన్ కాలంలో వెనక్కి నడుస్తోంది.

తలుపు దగ్గరికి పరుగెత్తింది. హ్యాండిల్ తిరుగుతోంది, తలుపు కదలడం లేదు. చప్పుడు బయటికి పోకుండా కట్టిన గది. ఎంత బాదినా దూదిని కొట్టినట్టే ఉంది. సెల్లో సిగ్నల్ లేదు. ఎక్కణ్ణుంచో మందుల వాసన... తడిసిన ఉన్ని కోటు వాసన...

పాట ఆగింది. చాలా దగ్గరగా ఎవరో గొంతు సవరించుకున్నారు.

"గూటెన్ ఆబెన్డ్," అని జర్మన్‌లో శుభసాయంత్రం చెప్పింది ఒక ముసలి మగ గొంతు.

ఒక పేరు చదివింది. ఇంకొకటి. అన్నీ జర్మన్ పేర్లే. తర్వాత తడబడింది. నోరు తిరగని పేరేదో కూడబలుక్కుంటోంది.

"చన్... చన్డ్రి..."

గీతిక ఒక్క అంగలో వచ్చి మైకు మీట పైకి తోసింది. "వద్దు!"

గొంతు ఆగింది. గీతిక ఊపిరి తీసుకుంది.

"చన్..."

ఆపకూడదు. నోటికేదొస్తే అది తెలుగులో మాట్లాడింది. చంద్రిక ఉప్మా మాడబెట్టిన సంగతి, ఆఖరి బస్సు పోతే ఇద్దరూ మంచులో నడిచొచ్చిన సంగతి. అవి అయిపోతే ఎక్కాలు. ఆమె గొంతు బొంగురుపోయింది. పక్క కుర్చీ కిర్రుమంది... చూడలేదు. మెడ మీద చల్లటి ఊపిరి... చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుంది.

ఎంతసేపయిందో తెలియదు. తలుపు తెరుచుకుంది. మాస్కు పెట్టుకుని ఫ్రావ్ లెమ్కె. "ఫోన్ తెగితే కంగారుపడి వచ్చాను. ఏమైంది?" స్పీకర్లలో మామూలు హిట్ పాట.

గీతిక కోటు తగిలించుకుని బయటపడింది. ఇల్లు చేరి, కోటైనా విప్పకుండా చంద్రికకి ఫోన్ చేసింది.

"అక్కా!" గొంతులో నీరసమున్నా నవ్వుంది. "ఆక్సిజన్ తీసేశారు. సిస్టర్ రేడియో పెడితే నీ మాటలు! ప్రాణం లేచొచ్చింది."

గీతిక గోడకి జారగిలబడి ఏడ్చేసింది. "ఇంక భయం లేదే. నేనూ ఇంటికొచ్చేశాను."



"అదేంటక్కా... రేడియోలో ఇంకా నువ్వే ఉన్నావు కదా." చంద్రిక గొంతు తగ్గించింది. "ఇప్పుడే మా పక్క బెడ్ ఆవిడ పేరు చదివావు."