స్తంభంకేసి చూపు

నలభయ్యో రోజు ఉదయం ఖోఖో ఆట మధ్యలో పైడితల్లి కాలు మడతపడి బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారసాగింది. ఆ క్షణంలో జట్టులో ఏడుగురు పిల్లలు ఒక్కసారిగా తలలు తిప్పి, మైదానం చివరనున్న స్తంభంకేసి చూశారు. ఆ స్తంభం పక్క గడిలో కూర్చునే మణిమాల ఒక్కతే పరుగెత్తుకొచ్చి ఆమెను లేపింది.

కనకం కూడా స్తంభాన్నే చూసింది. పైడికి ప్రాణస్నేహితురాలు ఆమే, ఈ ఉపాయం పన్నిందీ ఆమే. పైడికేసి చూడకూడదు, ఈ ఒక్కరోజూ చూడకూడదు అని లోపల జపం చేసుకుంటోంది. ఆమె నుదుటి మీది చూపుపట్టీ వెచ్చగా తగులుతోంది.

ఆ పట్టీ పని చాలా చిన్నది. గుండె దడదడలాడిన ప్రతిసారీ కళ్లు ఎవరి ముఖం మీదికి పరుగెత్తాయో అది రాసుకుంటుంది. కష్టం వచ్చినప్పుడు పదిమందీ ఎవరికేసి చూస్తారో వారే నాయకులన్నది దాని సూత్రం. నలభై రోజుల చూపుల మొత్తాన్ని బట్టి పోటీలకు కెప్టెన్ ఎవరో తేలుతుంది. అది వచ్చాక బడుల్లో సిఫార్సులు పోయాయి, కెప్టెన్ పదవి కోసం తల్లిదండ్రుల తగవులూ పోయాయి. అంతవరకు మంచిదే. కాని ఎంపికైన పిల్లను మూడేళ్లపాటు సారథి శిక్షణాలయంలో ఉంచుతారు. పోటీల రోజున మాత్రమే జట్టులోకి పంపుతారు. నాకొద్దు అనడానికి వీల్లేదు. వద్దన్నవారికి పదవి మీద ఆశ లేదని మెచ్చుకుని, విద్యాశాఖవారు ఇంకో పది మార్కులు కలుపుతారు.

పైడి ఇల్లు వదిలి వెళ్లే స్థితిలో లేదు. ఆమె తల్లి అప్పలకొండకు వినపడదు, మాట రాదు. సైగల్ని మాటలుగా మార్చే యంత్రాలు ఊరూరా ఉన్నాయి. కాని అవి బడిలో నేర్పిన సైగలకే పనికొస్తాయి. బడి ముఖం చూడని అప్పలకొండ తన సైగలు తనే కల్పించుకుంది. అవి తెలిసింది కూతురికొక్కదానికే. అలాంటి తల్లి దగ్గర పెరిగింది గనక పైడి ఎవరితో మాట్లాడినా ముఖంలోకి నిండుగా చూస్తుంది. అందుకే భయం వేస్తే జట్టంతా ఆమెకేసే చూసేది.

"నానెల్లిపోతే అమ్మ ఎవరితో మాటాడతాదే?" అంది పైడి, పట్టీలు కట్టడానికి ముందురోజు.

"నువ్వెల్లవు. మేమెవరమూ నీకేసి సూడం. బయ్యమేస్తే స్తంభంకేసి సూస్తాం," అంది కనకం.

మణిమాల నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని ఆమెకు మాత్రం చెప్పలేదు.

మొదటి వారం ప్రాణాంతకమైంది. చూపు జారినప్పుడల్లా కనకం తన తొడ తానే గిల్లుకునేది. రెండో వారానికి గిల్లుకునే అవసరం తగ్గింది. నెల తిరిగేసరికి పైడి పేరు వినపడితే చాలు, మెడ దానంతటదే పక్కకు తిరిగేది. ఎంత బాగా కుదిరిందో అని కనకం మురిసిపోయింది కూడా.

మధ్యాహ్నం పీటీ మాస్టారు గవర్రాజు పట్టీలన్నీ విప్పించి, ఫలితం చదవడానికి నిలబడ్డారు. కనకం పొద్దుటి సంగతే తలచుకుంటోంది. పొద్దున్న రక్తం చూసినప్పుడు ఒక్క రెప్పపాటు చూపు జారిందేమో, అదొక్కటే చాలేమో.

"కెప్టెన్, మణిమాల," అన్నారు మాస్టారు.

చూపుపట్టీకి స్తంభాలు తెలియవు, ముఖాలే తెలుసు. ఏడుగురి చూపులూ స్తంభం పక్కనున్న ముఖం ఖాతాలో పడ్డాయి. మణిమాల ఏడ్చేసింది. "మీరంతా నన్నింత నమ్ముకున్నారని నాకు తెల్దే," అంది. నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పైడి ముఖంలోకి ఇంకా చూడగలిగిన పిల్ల ఆమె ఒక్కతే. రేపు ఆమె కూడా వెళ్లిపోతోంది.

సాయంత్రం కనకం పైడిని నడిపించుకుంటూ ఇంటికి తీసుకెళ్లింది. గండం గడిచింది, పైడి ఇక్కడే ఉంటుంది. 'ఇప్పుడు చూడొచ్చు కదా' అనుకుని దారిలో కనకం రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ చూపు వెళ్లి కరెంటు స్తంభం మీద వాలింది.

అప్పలకొండ కూతురి మోకాలికి పసుపు అద్దింది. తర్వాత కనకాన్ని చాలాసేపు చూసింది. చూసి చూసి, చేతులతో ఏదో అడిగింది.

"ఏటంతందే?" అంది కనకం.

పైడి నెమ్మదిగా చెప్పింది. "'నా గుంట ఏటి తప్పు సేసినాది? నెల్లాళ్లుగా నువ్వు దానికేసి సూడవు,' అంతంది."

కనకం గబగబా అంది. "తప్పేటీ లేదని సెప్పవే. నీ కోసమే సేసినామని సెప్పు."

"నానెంత సెప్పినా నమ్మదే. నువ్వు నాకేసి సూడు, అప్పుడు నమ్ముతాది."

కనకం ప్రాణమంతా కూడగట్టుకుని తల తిప్పింది. పైడి భుజం కనిపించింది, జడ కనిపించింది. అక్కడినుంచి చూపు జారి, వసారా స్తంభం మీద ఆగింది.

అప్పలకొండ మాటలు ఎన్నడూ విన్న మనిషి కాదు. కళ్లే చదువుతుంది. కనకం కళ్లు చదివింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది.