మనుషులకివ్వని ప్రొటీన్

"హ్యూమన్ ప్రొటీన్ అని మీ వెబ్‌సైట్లో మీరే రాశారు కదండీ! మా చెల్లి హ్యూమన్ కాదా?"

రిసెప్షన్ గది దద్దరిల్లేలా అడిగాడు అతను. జుట్టులోంచి వాన నీళ్ళు బల్ల మీదికి కారుతున్నాయి. భుజాన పనిముట్ల సంచి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

గొడవ విని ల్యాబ్‌లోంచి వచ్చిన సైంటిస్టు అమ్మాయి గ్లవ్స్ కూడా తీయలేదు.

"మనిషి జన్యువు తీసుకుని చేశాం కాబట్టి హ్యూమన్ అన్నాం. ఇది ల్యాబుల్లో పరీక్షలకే. మనుషులకు ఎక్కించేది కాదండీ."

"మా చెల్లి కండరాల్లో సరిగ్గా తయారవనిది ఇదేనని డాక్టరు చెప్పారు. అది మీ ఫ్రీజర్లో ఉంది. ఒక్క సీసా ఇస్తే మీ సొమ్మేం పోతుంది?"

"మీ చెల్లి ప్రాణం పోవచ్చు."

అంత కటువుగా అన్నందుకు ఆమెకే మనసు చివుక్కుమంది. కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"దీన్ని బ్యాక్టీరియాలో పెంచి తీస్తాం. వాటి మురికి కొంచెం మిగిలినా ఒంటికి విషమే. పైగా ఇది పనిచేయాల్సింది కణం లోపల, దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో. రక్తంలోకి ఎక్కిస్తే అక్కడిదాకా చేరదు."

"చేరేలా చేయొచ్చుగా?"

"ఆ దారి వెతికేవాళ్ళకే మేం దీన్ని పంపేది."

అతను విసురుగా వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకుంది. మర్నాడు సాయంత్రం గేటు దగ్గర మళ్ళీ అతనే.

"ఒక్క డౌటు మేడమ్. మాత్రలా మింగితే?"

"తిన్న తిండిలాగే అరిగిపోతుంది."

ఆ మర్నాడు ఇంకో డౌటు. ఆ తర్వాత మరోటి. మాట్లాడుతున్నంతసేపూ కాలు నిలవదు, గేటు గొళ్ళెం తీస్తూ వేస్తూ ఉంటాడు. "పోనీ, నా ఒంట్లోంచి తీసి ఇవ్వలేరా?" అని అడిగిన రోజు మాత్రం ఆమె "కుదరదండీ" అని చాలా మెల్లగా చెప్పింది.

వాచ్‌మన్‌కు ఇదంతా మంచి కాలక్షేపం. ఫోన్ చేసి, "అమ్మా, మీ డౌటు వచ్చి నిలబడ్డాడు," అనేవాడు.

చివరికి ఆమే అంది, "మీ చెల్లికి నేనే చెప్తాను. ఇంటికి రావచ్చా?"

చెల్లెలు కాలేజీ పుస్తకాల మధ్య దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. అన్న టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించింది.

"అక్కా, ఇవన్నీ డాక్టరు నాకు ఎప్పుడో చెప్పారు. మందు వచ్చినప్పుడు వస్తుంది. అన్నయ్య మాత్రం నా కోసం ఊరంతా తిరుగుతాడు, నా దగ్గర పట్టుమని పది నిమిషాలు కూర్చోడు. వాడితో కలిసి ఒక్క సినిమా చూసి ఎన్నాళ్ళయిందో!"

మెట్లు దిగుతూ సైంటిస్టు ఆ మాటే అతనికి చెప్పింది. అతని మొహం కందగడ్డయింది.

"మీకేంటండీ, ఒక సీసా పాడైతే ఇంకోటి చేసుకుంటారు. నాకు చెల్లి ఒక్కతే!"

ఆమె గబగబా మిగతా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు డౌటు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మంచిదేగా అనుకుంటూనే, సాయంత్రమయ్యేసరికి కిటికీ దగ్గరికి ఊరికే వెళ్ళడం, ఊరికే రావడం. ఫ్లాస్కుల్లో బ్యాక్టీరియా ఏపుగా పెరిగింది. ఇక ప్రొటీన్ చేయండని వాటికి సంకేతమిచ్చే మందు కలపడం ఆమె మరిచిపోయింది. పనంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు బాసు.

"బాగానే ఉంది సార్," అని బాసు చెప్పులేసుకుని ఇంటికెళ్ళింది.

"డౌట్లు తీరిపోయినట్టున్నాయమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"మీ పని మీరు చూసుకోండి బాబాయ్!"

వారం తిరక్కుండానే గేటు ముందు టాక్సీ ఆగింది. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అన్న భుజం పట్టుకుని చెల్లెలు దిగింది.

"అక్కా, మీరేం చెప్పారో గానీ, అప్పట్నుంచి వీడు నా పక్కనుంచి లేవడం లేదు. దగ్గితే డాక్టరంటాడు, సినిమా చూస్తుంటే కథ ముందే చెప్పేస్తాడు. నాకు ఊపిరాడట్లేదు. సాయంత్రాలు కాస్త మీరు తీసుకెళ్ళండి, ప్లీజ్!"

అతను నేల చూపులు చూస్తూ, "ఆ రోజు నోరు జారాను. తప్పు నాదే," అన్నాడు.

"అంతేనా?"

"అంతే కాదు..." చేయి గొళ్ళెం మీదికి పోయింది. చెల్లెలు చటుక్కున లాగేసింది. "నా డౌట్లు ఎప్పుడో అయిపోయాయండీ. తర్వాత అడిగినవన్నీ... మీరు గేటు దాకా వస్తారని."

"తెలుసు. మాత్ర సంగతి రెండుసార్లు అడిగారు."

"మరి తెలిసీ రెండోసారి ఎందుకు చెప్పారు?"

ఆమె నోరు తెరిచింది. మూసింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్ళలో అతను అడిగినదానికి ఆమె దగ్గర జవాబు లేకపోవడం, దాంతో ఆమెకు నవ్వు రావడం అదే మొదటిసారి.

"బాబాయ్," అని వాచ్‌మన్‌ను పిలిచింది చెల్లెలు, "ఆ కుర్చీ ఇలా వెయ్యండి. వీళ్ళకి చాలాసేపు పట్టేలా ఉంది."