తోడు ఎవరు?

"ముసిల్దానికి బీపీ సూడ్డానికి వారానికి మూడుసార్లేటి? ఊరందరికీ ఆ పిల్ల సిస్టరే, జగదీష్‌గాడికి మాత్రం మేడమట!" అని జగదీష్ పక్కింటి వసంత కొళాయి దగ్గర అందట. ఆటో సూర్యారావు పలాస నుంచి వజ్రపుకొత్తూరు తీసుకొస్తూ, ఆ మాటని దారిలోనే నర్సు ప్రమోదినికి నవ్వుతూ అప్పజెప్పాడు.

ప్రమోదిని నవ్వలేదు. అందులో అబద్ధమెంతో ఆమెకే తెలియదు.

ఇంటిపట్టున ఉన్న పెద్దవాళ్లకు, ఎవరికి సరిపడేది వాళ్లకు, సంరక్షణ ప్లాన్ రాయడం ఆమె పని. ఎనభై రెండేళ్ల బంగారమ్మ నెలలో రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. ఆమెకున్నది మనవడు జగదీష్ ఒక్కడే. కొబ్బరితోట, వంట, నానమ్మ మాత్రలు, అన్నీ అతనే చూస్తాడు. చిక్కల్లా ఒకటే. ప్రశ్న నానమ్మను అడిగితే జవాబు తను చెప్తాడు. ఆరోజూ అంతే.

"నీళ్లు సరిగ్గా తాగుతున్నారా, అమ్మా?"

"రోజుకి రెండు లీటర్లు, మేడమ్. బాటిల్ నానే నింపుతాను."

"మిమ్మల్ని అడగలేదు."

"అదేటి మేడమ్, నాను అబద్దమాడతానా?"

"మీరు కాసేపు బయట ఉండండి."

బయట చినుకులు పడుతున్నాయి. రోషంతో గొడుగైనా తీసుకోకుండా వెళ్లాడు.

బంగారమ్మ గొంతు తగ్గించింది. "ఆ నీళ్లు కిటికీలోంచి అరటిమొక్కకి పోసెత్తన్నాను, అమ్మీ. తాగితే బాత్రూముకెల్లాల. అదేమో పెరటి సివర. పెళ్లి కావలసిన మగగుంటడు, ఆడిసేత నా సీర పట్టించుకోమంటావా? ఆడికి సెప్పకు."

కిడ్నీ జబ్బు భయం లేని ఇల్లే లేని ఉద్దానంలో, నీళ్లు మానేసిన మనిషి!

"చెప్పకపోతే మూడోసారి పడతారమ్మా. ఈసారి లేవలేరు."

"అయితే నువ్వే సెప్పు. నాను కళ్లు మూసుకుంటాను."

ప్రమోదిని పిలిస్తే తడిసిన తలతో లోపలికొచ్చి, జగదీష్ ఆమె చెప్పిందంతా విన్నాడు.

"రెండేళ్లబట్టి అన్నీ నానే సేత్తన్నాను. ఒక్క మాట సెప్పలేదేటి, నానమ్మా?" కిటికీ వైపు చూశాడు. "అందుకా ఆ అరటి అంత బలిసిపోనాది!"

ప్రమోదిని ప్లాన్ కాగితం తీసింది. మంచం పక్కన కమోడ్ కుర్చీ. గోడకి పట్టుకునే రాడ్. గంటకో గ్లాసు నీళ్లు. స్నానానికి ఆడమనిషి సాయం. దాని పక్కన 'తోడు ఎవరు?' అనే గడి ఖాళీగా ఉంది.

"ఎవరి పేరు రాయను?"

జగదీష్ ఆమెనే చూశాడు. రెండు నెలలుగా ఆమె దొంగచాటుగా ఎదురుచూసిన చూపే అది. పెంకుల మీద వాన జోరందుకుంది.

"మీ పేరు రాసేయండి, మేడమ్."

"నేను వారానికి మూడురోజులే కదా వచ్చేది."

"అలగ కాదు. ఇక్కడే ఉండిపోతే… అంటే, పెళ్లి సేసుకుని."

కలం ఆగిపోయింది. ఆ మాట వినాలని ఎన్నిసార్లు అనుకుందో! తీరా వచ్చి ఈ గడిలో పడింది.

"మీకు పెళ్లాం కావాలా, ఆయా కావాలా?"

"అదేటలగంటారు? మొదటిరోజే మిమ్మల్ని సిస్టరనడానికి నోరు రాలేదు నాకు. సెప్పే దైర్యం లేక ఊరుకున్నాను."

"ఈ గడి కనబడేసరికి ధైర్యం వచ్చిందా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి వెళ్లిపోవాలనుకుంది. కానీ కలం మూత కూడా పెట్టలేదు.

"నానమ్మా, నువ్వైనా సెప్పు మేడమ్‌కి," అన్నాడు జగదీష్, దిక్కు తోచక.

బంగారమ్మ కళ్లు తెరవలేదు.

"నాకు తోడు కావాలంటే జీతమిచ్చి పెట్టు. రేపు నాను సచ్చిపోతాను. ఆ తరవాత కూడా ఈ పిల్ల నీకు కావాలా? కావాలంటే ఆ కాయితం అవతల పడేసి అడుగు."