జేబుల్లో దొరికిన ఆదివారాలు

పొద్దున్నే షట్టరు సగమే ఎత్తి, నడుం వంచి లోపలికి దూరడం టైలరుకి ఇరవై రెండేళ్ళ అలవాటు. పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు ఊడిన జిప్పు పట్టుకుని తగులుకుంటారు. పై వాటాలోంచి భార్య టీ తెచ్చేదాకా ఆ అరగంట ఆయనది. బతుకులో తనకంటూ మిగుల్చుకున్న సుఖం అదొక్కటేనని ఆయన నమ్మకం.

స్టేషన్లో దిగి పార్కుకు పోయేవాళ్ళంతా ఈ వీధి మీదుగానే పోవాలి. ఎదురుగా బేకరీ, పక్కన పాత పుస్తకాల కొట్టు, మూలన పూలకొట్టు. మామూలు రోజుల్లో ఈగలు తోలుకునే ఈ కొట్లన్నీ ఆకు రాలే కాలం వచ్చిందంటే పెళ్ళివారిళ్ళయిపోతాయి. పార్కులో చెట్లు ఎరుపెక్కాయని తెలియగానే చుట్టుపక్కల కాలనీల జనం ఆదివారం ఆదివారం దిగిపోతారు. ఏడాదంతా బీరువాలో మగ్గిన కోటు ఆ రోజే బయటికొస్తుంది, ఆ రోజే దాని జిప్పు ఊడుతుంది. చెట్లకు ఆకులు రాలితే టైలరుకి జిప్పులు రాలతాయని బేకరీ ముసలాయన వేళాకోళమాడతాడు. అందుకే జనమంతా షికారుకెళ్ళే ఆదివారం ఆయనకు ఊపిరి సలపని ఆదివారం. పార్కు పావుగంట నడక. ఇన్నేళ్ళలో ఆయన దాని గేటు దాటలేదు.

ఆ శుక్రవారం టీ గ్లాసు మిషను మీద పెట్టి భార్య వెంటనే వెళ్ళలేదు.

"ఏవండీ, ఈ ఆదివారంతో పార్కులో పడవలు ఆపేస్తారట."

"ఆపితే ఆపనీ. మనమేమన్నా చేపలమా?" అన్నాడు తల ఎత్తకుండా. తర్వాత ఆవిడ ఇంకా నిలబడే ఉందని గమనించి, వచ్చే ఏడాది చూద్దాంలే అన్నాడు. ఆ మాట ఆయన నోట ఇరవై రెండోసారి వచ్చింది. ఆయన టీ తాగేశాక ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని మెట్లెక్కి పోయింది.

ఆవిడకు ఆ కొట్లో ఒక పని ఉంది. మిషను మీదికి ఏ కోటు ఎక్కాలన్నా ముందు దాని జేబులు ఖాళీ చేయాలి. ఒకసారి ఎవరి జేబులోనో గులకరాయి అడ్డంపడి సూది విరిగి టైలరు కంటి పక్కన గుచ్చుకుంది. అప్పటినుంచి ఆ నియమం. దొరికినవన్నీ ఓ కాగితం కవర్లో వేసి కోటుకు పిన్నీసుతో గుచ్చుతుంది. మనిషి వచ్చినప్పుడు విప్పి చూపించి, "తాళాలు తీసుకోండి. మిగతావి పారేయమంటారా?" అని అడుగుతుంది. పారేయండమ్మా అంటారు నూటికి తొంభైమంది.

శనివారం మధ్యాహ్నం ఇత్తడి జిప్పు రన్నర్లు అయిపోయాయి. ఎక్కడో పాత పొట్లం ఉండాలని టైలరు ఇస్త్రీ బల్ల కింద అంతా తిరగేశాడు. పాతగుడ్డల మూట వెనకాల నీలం బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీశాడు.

అందులో రన్నర్లు లేవు. పేపరు మడతల్లో అణిచిపెట్టిన ఎర్రటి ఆకులున్నాయి. ఏవో చెట్ల కాయలున్నాయి. బేకరీ చీటీలు, అన్నీ రెండేసి బన్నులవి. వాటి కింద పడవ టికెట్లు. "ఇద్దరికి" అని అచ్చు. ఒకదాని మీద తేదీ చూశాడు. పోయినేడు ఓ ఆదివారం. ఆ రోజు తన అక్కకు ఒంట్లో బాలేదని చూసి రావడానికి వెళ్ళింది భార్య. కోట్ల గుట్ట ముందు తానొక్కడే చచ్చీ చెడీ పనిచేశాడు గనక ఆ తేదీ ఆయనకు బాగా గుర్తు.

ఇంకో సంగతీ అప్పుడే గుర్తొచ్చింది. పార్కుకు దారడిగిన వాళ్ళకు ఈవిడ గడగడా చెబుతుంది. వంతెన దాటాక ఎడమకు తిరగండి, చెరువు గట్టు మీద మూడో బెంచీకి ఎండ బాగా తగులుతుంది, అంటూ. చూడని మనిషికి మూడో బెంచీ సంగతి ఎలా తెలుస్తుంది? అనుమానం పురుగులాంటిది. దూరడానికి దానికి సందు అక్కర్లేదు, తేదీ చాలు.

బేకరీలో పనిచేసే కూతురు భోజనానికి వచ్చింది. ముగ్గురూ కూర్చున్నాక టైలరు డబ్బా తెచ్చి కంచాల మధ్య పెట్టాడు.

"నీ ఆదివారాలు బాగానే గడుస్తున్నాయే," అన్నాడు భార్యతో. "పడవలో ఎదురుగా కూర్చునేదెవరు?"

కూతురి చెయ్యి కంచంలో ఆగిపోయింది. భార్య డబ్బా వంక, భర్త వంక చూసింది. కోపగించుకోలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చడం మొదలుపెట్టింది.

ఈ ఆకు పొడుగాటి పంతులుగారి నీలం కోటులోదట. లైనింగు మీరే వేశారుగా అంది. ఈ కాయలు కవలపిల్లల తల్లివి. ఆ టికెట్లు పూలకొట్టు అమ్మాయివి, పెళ్ళయిన కొత్తలోవి. అలా ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలూ చెప్పుకుపోయింది. టైలరుకి ఆ మనుషులు గుర్తులేరు. వాళ్ళ కోట్లు మాత్రం కళ్ళకు కట్టాయి.

"అందరూ పారేయమన్నారు. నాకు పారేయబుద్ధి కాలేదు," అంది.

"మరి మూడో బెంచీ?" అన్నాడు. గొంతులో అప్పటికే పస లేదు.

"వెళ్ళొచ్చినవాళ్ళని అడుగుతాను. వెళ్ళబోయేవాళ్ళకి చెబుతాను."

డబ్బా అడుగున ఒక ఆకు మిగిలింది. ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. ఆవిడ దాన్ని బయటికి తీయలేదు. "ఇదొక్కటే మనది," అంది. ఈ కొట్టు అద్దెకు చూసుకోవడానికి వచ్చిన రోజు ఇద్దరూ పార్కు గేటుదాకా నడిచారు. కొట్టు యజమాని వెళ్ళిపోతాడని ఆయన తొందరపెడితే అక్కడినుంచే వెనక్కి తిరిగారు. వచ్చే ఆదివారం వద్దాం అన్నాడు. గాలికి వచ్చి ఆయన జేబు మీద వాలిన ఆకు అది.

"నాన్నా, మొగుణ్ణి మోసం చేసేంత తీరిక అమ్మకి నువ్వెప్పుడిచ్చావు?" అని కూతురు లేచిపోయింది.

టైలరు కంచం ముందు అలాగే కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తీరిక తనొక్కడికే కరువనుకున్నాడు. తనకు పొద్దున ఆ అరగంటైనా ఉంది. ఎదుటి మనిషికి అదీ లేదు. అడక్క అడక్క అడిగిన ఒక్క ఆదివారానికి బదులు, చెయ్యని తప్పు తెచ్చి కంచంలో వడ్డించాడు.

మర్నాడు ఆదివారం. షట్టరు సగం కూడా లేవలేదు. జిప్పు ఊడిన కోటు గుండెలకు అదుముకుని ఎవరో వచ్చి, ఇంకా తెరవలేదేం అన్నారు. "ఈ రోజు తెరవం. పిన్నీసు పెట్టుకుని పోండి," అన్నాడు భార్యతో కలిసి మెట్లు దిగుతున్న టైలరు. ఆయన కోటుకూ పిన్నీసే ఉంది. లోకం జిప్పులన్నీ బాగుచేసే మనిషి కోటుకు జిప్పు ఊడి ఆరేళ్ళయింది. దీపం కింద చీకటి మరి.

బేకరీలో కూతురు రెండు బన్నులు పొట్లం కట్టి, తండ్రితో మాట్లాడకుండానే తల్లి చేతికిచ్చింది.

పార్కు గేటు దాటింది మొదలు భార్యే ముందు నడిచింది. వంతెన, ఎడమ మలుపు, గట్టు, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. చెట్లు మాత్రం సగానికి పైగా మోడులైపోయాయి. మూడో బెంచీ దగ్గర ఆగి ఆవిడ చెరువుకేసి చాలాసేపు చూసింది.

"ఇంత పెద్దదని ఎవరూ చెప్పలేదండీ," అంది.

పడవల దగ్గర వరస బారుగా ఉంది. టికెట్లు తీసుకుని నిలబడ్డారు. ముందు రెండు జంటలు మిగిలాయనగా గాలి లేచింది. పడవవాడు తాళ్ళు కట్టేసి, ఇవాళ్టికి అంతే, ఈ టికెట్లు వచ్చే సీజనుకు చెల్లుతాయి అన్నాడు. టైలరు వాడి మీదికి వెళ్ళబోతే భార్య కోటు చెయ్యి పట్టుకుని ఆపింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది నా పని," అన్నాడాయన తల దించుకుని. "నిన్న అలా అడగాల్సింది కాదు."

"కాదు," అంది ఆవిడ. బన్ను తుంచి సగం ఆయన చేతిలో పెట్టింది.

సోమవారం షట్టరు సగం లేచింది. ఈసారి టీ గ్లాసులు రెండు వచ్చాయి. భార్య పక్కన స్టూలు వేసుకుని ఆయన కోటు ఒళ్ళో పెట్టుకుంది. జిప్పు వేయాలంటే ముందు జేబులు ఖాళీ చేయాలిగా. బన్ను కాగితం, ఎర్రటి ఆకు ఒకటి, చించని టికెట్లు రెండు తీసి మిషను మీద పెట్టింది.

"ఇవి పారేయమంటారా?" అంది అలవాటుగా. అని, తనే తల ఎత్తి చూసింది.

టైలరు టికెట్లు తీసుకుని తుడిచాడు. కళ్ళు కూడా.

"పారేయకు. ఆ డబ్బాలో కూడా వేయకు," అన్నాడు. "జిప్పు వేశాక మళ్ళీ జేబులోనే పెట్టు."