సూరత్ సంబంధం

“బీటర్ ఆపండి! ముందు ఆపండి!”

రఘునాథ్ స్కూటర్‌కి స్టాండ్ కూడా సరిగా వేయకుండా షెడ్డులోకి పరిగెత్తాడు. నేరేడ్‌మెట్‌లో వాళ్ల నాన్న రామకృష్ణ ఎన్నో ఏళ్ల కిందట పెట్టిన చేతి కాగితం యూనిట్ అది. పాత గుడ్డముక్కల్ని నీళ్లలో నలగ్గొట్టి గుజ్జు చేసే పెద్ద తొట్టి యంత్రమే బీటర్. ఇప్పుడు అందులోంచి తెల్లటి ఉండలు తేలి, అంచు దాటి నేలమీదికి దూకుతున్నాయి. వాటి మధ్య నిలువునా తడిసిన ఒక అమ్మాయి స్విచ్ కోసం గోడంతా తడుముతోంది.

అతను చెయ్యెత్తి స్విచ్ నొక్కాడు. యంత్రం మూలిగి ఆగింది.

“ఎవరండీ మీరు? మా తొట్టిలో దూది ఎందుకు పోశారు?”

“దూది కాదు, పాలిస్టర్.”

“పాలిస్టరా? చొక్కాలు కుట్టించుకునేదా?”

“ఆ, అదే. మీ నాన్నగారిని అడిగే వేసిన. నా పేరు ఊర్మిళ. ముందుగాల ఆ స్విచ్ గంత ఎత్తుల పెట్టించింది ఎవరో చెప్పుండ్రి. ఆయన్ని తిట్టాలె.”

“నేనే.”

“మీరేనా? అయితే మనసుల తిట్టుకుంటా.”

అతనికి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. అది కనబడకుండా బీటర్‌లోకి వంగి, లోపలి రోలర్‌కి చుట్టుకున్న పోగుల్ని లాగడం మొదలుపెట్టాడు. ఆమె కూడా పక్కన వంగింది. ఆ చిక్కు విప్పేసరికి ఇద్దరికీ చేతులు నొప్పెట్టాయి.

ఊర్మిళది సీతాఫల్‌మండి. అక్కడ వాళ్లమ్మ శ్యామలమ్మకు టైలరింగ్ షాపు ఉంది. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన ఊర్మిళ, ఏ.ఎస్. రావు నగర్‌లో జయకృష్ణ అనే ఆయన పెట్టిన చిన్న కంపెనీలో పని చేస్తోంది. ఇన్వర్టర్ బ్యాటరీల లోపల వాడేందుకు యాసిడ్‌కి కరగని కాగితం కావాలి. పత్తి కాగితం యాసిడ్‌లో నిలవదు. అందుకే పాలిస్టర్ పోగులతోనే గుజ్జు తీసి, దాన్ని కాగితంగా పరచాలని ఆమె పట్టుదల. కంపెనీలో అంత పెద్ద బీటర్ లేదు. పెళ్లికార్డులు ఫోన్లలోకి వెళ్లిపోయాక రామకృష్ణ బీటర్‌కి పని లేదు. అందుకే ఆయన సరేనన్నాడు.

“అసలు తేడా ఏంటండీ? అదీ పోగే, ఇదీ పోగే కదా?” అని అడిగాడు రఘునాథ్ మరుసటి శనివారం, టీ గ్లాసు అందిస్తూ.

“పత్తి నీళ్లు తాగుతది. నలిగితే పోగుకు పోగు పట్టుకుంటది. పాలిస్టర్‌కు నీళ్లంటే పడదు. తేలుతది, ఉండలు కడ్తది, ఎంత కొట్టినా నూగు లేవదు. నూగు లేవకుంటే కాగితమెట్ల అయితది?”

“చాలా మొండిదన్నమాట.”

“నన్ను చూసుకుంట ఎందుకంటున్నరు?”

“అబ్బే, టీ గ్లాసు చూస్తూ అన్నాను.”

శనివారాలు అలా గడిచాయి. ఊర్మిళ పోగుల్ని ఇంకా పొట్టిగా కత్తిరించింది. నీళ్లు పెంచి, ఉండలు కట్టకుండా ఒక మందు కలిపింది. ఉండలైతే తగ్గాయి గానీ, ఆరిన కాగితాన్ని, గుజ్జు పరిచే జాలీ మీంచి ఎత్తగానే పొడిపొడిగా రాలిపోయేది. రాలిన ప్రతిసారీ ఊర్మిళ ఆ పొడిని గంపలోకి ఊడ్చేది. తర్వాత లేచి, “ఇంకోసారి షురూ చేద్దామా?” అనేది. ఆ మాట కోసమే శనివారం వస్తోందని రఘునాథ్‌కి అనిపించసాగింది. జిడ్డు చొక్కా మానేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. రామకృష్ణ అది చూశాడు.

ఒకరోజు ఆమె వాకిట్లో నిలబడి ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతోంది. గలగలా నవ్వుతోంది.

“అమ్మా, సూరత్ వాళ్లు ఊ అన్నరే! ఫోటోలు సుత పంపిండ్రు. సన్నగ, తెల్లగ, ఎంత ముద్దుగనో! నాకు మస్తు నచ్చింది. మంగళవారం వాళ్లే వస్తుండ్రు. ఇగ అంత మంచిగనే అయితది.”

షెడ్డు లోపల రఘునాథ్ చేతిలోని జాలీ ఫ్రేము కిందపడింది.

అప్పటినుంచి అతను ‘మేడమ్’ అనడం మొదలుపెట్టాడు. టీ గ్లాసు బల్లమీద పెట్టి వెళ్లిపోయేవాడు.

“ఏందండీ, నామీద గుస్సా అయిండ్రా?” అంది ఊర్మిళ.

“అదేం లేదు మేడమ్. పని ఉంది.”

ఇంతలో ఇంకో కష్టం వచ్చిపడింది. బీటర్‌ని కొనేందుకు ఒకాయన ఒప్పుకున్నాడు. సోమవారం లారీ వస్తుందన్నాడు రామకృష్ణ.

“అప్పుడే ఖాయం చేయకండి నాన్నా. ఆ అమ్మాయి చివరి ట్రయల్ ఈ శనివారమే. అదీ పోతే ప్రాజెక్ట్ మూసేస్తానన్నాడట వాళ్ల జయకృష్ణ.”

“మనకేంట్రా?”

“మనకేం లేదు. కానీ ఆగండి.”

తండ్రి అతని ఇస్త్రీ చొక్కా వైపు చూశాడు. “ట్రయల్ కుదిరితే ఉంచుదాం. లేకపోతే సోమవారం లారీ ఎక్కిస్తాను” అన్నాడు. రఘునాథ్ ఆ సంగతి ఊర్మిళకు చెప్పలేదు. ఉన్న భయానికి ఇంకొకటి తోడు చేయడం ఎందుకనుకున్నాడు.

శనివారం పొద్దుటినుంచే వాన. రేకుల మీద చప్పుడుకి మాట వినబడటం లేదు. ఊర్మిళ కొత్త సంచీ విప్పి, పట్టులా మెరిసే పోగుల్ని తొట్టిలో వేసింది. ఈసారి బీటర్‌లో ఉండలు తేలలేదు. గుజ్జు గంజిలా చిక్కబడుతూ తిరిగింది. జాలీ మీద పరిచారు. నీరు కారి, పల్చటి తెల్లటి పొర నిలిచింది. ఆరబెట్టి, వేడి రోలర్ల మధ్యకు పంపారు. అవతలి నుంచి వచ్చిన కాగితాన్ని ఇద్దరూ చెరో అంచు పట్టుకుని ఎత్తారు.

రాలలేదు.

ఊర్మిళ బలంగా లాగింది. చిరగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతని భుజం పట్టుకుని గెంతింది, వెంటనే చెయ్యి తీసేసింది.

“కంగ్రాట్స్ మేడమ్” అన్నాడు రఘునాథ్. “మీ సూరత్ వాళ్లకి ఫోటో పంపండి. పెళ్లికొడుకు చాలా సంతోషిస్తాడు.”

“ఎవరు?”

“అదే... సన్నగా, తెల్లగా, ముద్దుగా...”

ఊర్మిళ తొట్టి అంచు పట్టుకుని కూలబడి నవ్వింది. ఊపిరాడక నవ్వింది. “అయ్యో దేవుడా! అది పోగుల ఫోటో! మైక్రోస్కోప్ కింద తీసింది. సూరత్ మిల్లు వాళ్లు కొత్తరకం పాలిస్టర్ చేసిండ్రు, కొడితే తొందరగ నూగు లేస్తది. దాంట్ల తక్కువ వేడికి కరిగి అతుక్కునే పోగు సుత కలిపిండ్రు. ఇప్పుడు మీరు పట్టుకున్నది దాన్నే!”

రఘునాథ్ చేతిలోని కాగితం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“గందుకేనా ఇన్ని రోజులు మేడమ్ మేడమ్ అని నా పానం తిన్నరు?”

“అందుకే” అన్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. “మీకు పెళ్లి కుదిరిందనుకున్నాను. తట్టుకోలేకపోయాను. మీరంటే నాకు చాలా ఇష్టం ఊర్మిళా.”

ఆమె నవ్వు ఆగింది. 

“ముందు దీన్ని టెస్టుకు పోనియ్యుండ్రి” అని కాగితాన్ని చుట్టగా చుట్టి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

కాగితం యాసిడ్‌లో నిలబడింది. జయకృష్ణ ఇంకా షీట్లు కావాలన్నాడు. లారీ రాలేదు, బీటర్ కదల్లేదు. కానీ ఊర్మిళ జవాబు చెప్పలేదు. అడిగే ధైర్యం రఘునాథ్‌కి లేదు. “అమ్మ వచ్చి షెడ్డు చూస్తా అన్నది” అని మాత్రం ఒకరోజు చెప్పింది.

ఆదివారం శ్యామలమ్మ వచ్చింది. రామకృష్ణ కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది, తర్వాత రఘునాథ్‌ని కూడా అంతే శ్రద్ధగా చూసింది.

“అన్నా, ముందే చెప్తున్న. మా పిల్లకు వంట రాదు. ఇంట్ల ఉండుమంటే ఉండది.”

“మావాడికి వంట వచ్చమ్మా” అన్నాడు రామకృష్ణ. “ఈ అమ్మాయి కోసం నా బీటర్ అమ్మనివ్వకుండా అడ్డం పడ్డాడు. మనకేంట్రా అన్నా వినలేదు.”

అవతల బీటర్ నడుపుతున్న ఇద్దరికీ ఆ హోరులో పెద్దల మాటలు సగమే చేరాయి. ఊర్మిళకు మాత్రం చేరవలసింది చేరింది. చటుక్కున అతని వైపు తిరిగింది.

“బీటర్‌ను అమ్మకుంట మీరు ఆపిండ్రా? నాకెందుకు చెప్పలే?”

“ఆఁ? వినబడట్లేదు!”

ఆమె ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆమె ఇంకొంచెం గట్టిగా అంది. అతను మళ్లీ “ఏంటీ?” అన్నాడు. ఊర్మిళకు ఒళ్లు మండి, గొంతెత్తి అరిచింది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

“నాకు సుత నువ్వంటే ఇష్టమే అంటున్నా!”

నిశ్శబ్దంలో ఆ మాట షెడ్డంతా తిరిగింది. బయట వీధిలో కూరగాయల బండాయన ఆగి తొంగిచూశాడు. ఊర్మిళ రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

శ్యామలమ్మ కుర్చీలోంచి కదలకుండానే అంది:

“ఇన్నంలే బిడ్డా. ఆయనకు ఇనబడిందో లేదో అడుగు.”

“వినబడిందండీ” అన్నాడు రఘునాథ్. “బాగా వినబడింది.”