సాల్ట్‌హిల్ గోడ దగ్గర మూడోసారి

ఆ శనివారం గాల్వే పట్నంలో కురిసిన వాన సంగతి చెప్తే మీరు నమ్మరు. కోరిబ్ నదిలో చేపలు కూడా ఇక్కడైతే కాస్త తడి తక్కువని వంతెన కిందికి చేరాయి. గాలైతే మరీ ఘోరం. ఒక ఫాదర్‌గారి టోపీ ఎగిరి సముద్రం దాటి అరాన్ దీవిలో దిగిందట. అక్కడొక మేక దాన్ని పెట్టుకుని మర్నాడు ప్రార్థనకి కూడా వచ్చిందట. నేను చూళ్ళేదు గానీ, ఆ మేకని చూసినవాళ్ళని చూశాను.

అలాంటి వానలో, చర్చి పక్క సంతలో, నూలా గొడుగు తిరగబడింది.

నూలా అంటే మా డ్రమ్‌కీల్ పోస్టాఫీసులో స్టాంపులమ్మే నూలా. ముప్పై ఏడేళ్ళు. మనిషి పొడుగు, మాట పొట్టి. సోమవారం సెలవు కలిసొచ్చిందని జుట్టు కత్తిరించే బ్రీజ్‌తో కలిసి, ఆమె కారులో, మూడు రోజులు గాల్వేలో తిరుగుదామని వచ్చింది. బ్రీజ్, నూలా చిన్నప్పట్నుంచీ ఒకటే బెంచీ, ఒకటే గొడవ.

తిరగబడ్డ గొడుగు ఊచ పోయి ఎదురుగా ఉన్న చేపల సూపు కొట్టు తాడుకి తగులుకుంది. నూలా లాగింది. గొడుగు రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. ఈసారి తాడే వచ్చేసింది. పొద్దుట్నుంచీ టార్పాలిన్ మీద చేరిన నీళ్ళు, చిన్నపాటి చెరువంత, కొట్టువాడి నెత్తిన దబ్బున పడ్డాయి.

"నీ గొడుగు తగలెయ్య! కళ్ళు కనపడట్లేదా తల్లీ?"

"తాడు కాస్త పైకి కట్టుకోవాలని తెలీదా నీకు?"

"పొద్దుట్నుంచీ మూడొందలమంది వెళ్ళారు ఈ దారిన. ఒక్కరికీ తగల్లేదు నా తాడు!"

"మూడొందలమందీ పొట్టివాళ్ళేమో!"

కొట్టువాడు మొహమ్మీద నీళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు చిట్లించి చూశాడు. నూలా కూడా చూసింది. గడ్డం నెరిసింది, నుదురు కాస్త పెద్దదైంది. కానీ ఎడమ కనుబొమ్మ మీద ఆ చిన్న గాటు, అది మాత్రం అక్కడే ఉంది.

"నూలా," అన్నాడు.

"డోనల్," అంది.

వెనకాల పొయ్యి మీద సూపు పొంగిపోయింది. పట్టించుకున్నవాడు లేడు.

సరిగ్గా అప్పుడే బ్రీజ్ పక్క కొట్టు నుంచి వేడి వేడి డోనట్టు కొనుక్కుని, పెదాలకి పంచదార అంటించుకుని వచ్చింది. ఇద్దర్నీ చూసింది. "అబ్బ, ఏం వాన!" అని అటు తిరిగి ఆకాశాన్ని చూస్తూ నిలబడింది. ఆకాశాన్ని అంత శ్రద్ధగా చూసే మనిషి కాదు బ్రీజ్.

డోనల్ చేతులు తుడుచుకుని కెటిల్ అందుకున్నాడు. "టీ తాగుతావా?"

"అబ్బే, వద్దులే," అంది నూలా.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. టీ ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. వెంటనే సరేనంటే టీ కోసమే వచ్చామనుకుంటారు. రెండోసారీ వద్దనాలి, కాస్త మెత్తగా. మూడోసారి అడిగితే అప్పుడు "సరే, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి ఒక్క చుక్క" అనాలి. ఆ ఒక్క చుక్కా అంటే నాలుగు కప్పులు. మా ఊరి ప్యాడీ ఓసారి ఎవరో ఇంగ్లీషువాళ్ళింటికెళ్తే, వాళ్ళు ఒక్కసారి అడిగి ఊరుకున్నారట. పాపం తొమ్మిది మైళ్ళు నాలుక పిడచకట్టుకుని నడిచి వచ్చాడు. ఇప్పటికీ ఆ కథ చెప్తూ ఏడుస్తాడు.

"తడిసిపోయావుగా, తాగు," అన్నాడు డోనల్ రెండోసారి.

"ఎందుకులే, నీకు శ్రమ," అంది నూలా మెత్తగా. కప్పు కోసం చెయ్యి మాత్రం అప్పుడే జేబులోంచి బయటికొచ్చేసింది.

ఇంతలో తడిసిన కోళ్ళలాగా ఓ పదిమంది కుర్రాళ్ళు సూపు సూపు అంటూ కొట్టు మీద పడ్డారు. డోనల్ గరిటె పట్టుకోక తప్పలేదు. నూలా ఒక నిమిషం చూసింది. రెండు నిమిషాలు చూసింది. చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

"రోజూ పొద్దున్నే గోడ దాకా నడుస్తాను," అని కుర్రాళ్ళ తలల మీంచి అరిచాడు డోనల్. "రేపు కూడా!"

నూలా తలూపింది. మళ్ళీ రెండు దగ్గరే ఆగిపోయింది, అనుకుంది లోపల.

*

ఎందుకంటే పధ్నాలుగేళ్ళ క్రితం కూడా రెండు దగ్గరే ఆగిపోయింది.

అప్పుడూ ఇదే సెలవు, ఇదే బ్రీజ్, ఇదే వాన. షాప్ స్ట్రీట్‌లో ఎవడో ఫిడేలు వాయిస్తుంటే నూలా కాలు దానంతటది ఆడింది. పక్కనున్న కుర్రాడి కాలూ ఆడింది. వాడే డోనల్. ఇద్దరూ ఆ మూడు రోజుల్లో ఎన్ని మైళ్ళు నడిచారో లెక్క లేదు. వాళ్ళ చెప్పుల కింద ఊరు రెండంగుళాలు అరిగిందని చెప్పుకుంటారు. సోమవారం మధ్యాహ్నం సాల్ట్‌హిల్ సముద్రం ఒడ్డున చివరి దాకా నడిచారు. అక్కడొక గోడ ఉంది. అక్కడిదాకా నడిచిన ప్రతివాళ్ళూ దాన్ని ఓ తన్ను తన్ని వెనక్కి తిరగాలి. ఎందుకో ఎవరికీ తెలీదు. తన్నకుండా తిరిగితే మాత్రం నడిచినట్టు కాదు.

ఇద్దరూ తన్నారు. డోనల్ అన్నాడు, "ఇక్కడే ఉండిపో, నూలా."

"అబ్బే, ఎలా కుదురుతుంది?" అంది నూలా.

"ఉండిపో."

"ఊరుకో, జనం ఏమనుకుంటారు?" అంది నూలా, మెత్తగా, మూడోది వినడానికి మొహం కాస్త పైకెత్తి.

అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చింది బ్రీజ్. "బస్సే! బస్సు వెళ్ళిపోతోందే! లగెత్తు!"

నూలా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అంతే. మూడోది సముద్రంలో కలిసిపోయింది. ఊరొచ్చాక నూలా గాల్వేకి బదిలీ కావాలని కాయితం తెచ్చుకుంది. పేరు రాసింది. సంతకం దగ్గర ఆగింది. అతను అడగనిదే ఎలా వెళ్తాం? ఆ కాయితం పోస్టాఫీసు సొరుగులో, రబ్బరు స్టాంపుల కింద, ఇప్పటికీ ఉంది.

*

ఆ శనివారం సంత నుంచి నూలా, బ్రీజ్ ఇద్దరూ పబ్బులో దూరారు. కుంపటి పక్కన కోట్లు ఆరేసుకున్నారు. బ్రీజ్ ముందు నల్ల బీరు, మధ్యలో పళ్ళెం నిండా చిప్స్. బ్రీజ్ ఒక్క చిప్స్ ముక్కా ముట్టలేదు. అది చూసి నూలాకి భయమేసింది.

"ఏమే, ఒంట్లో బాలేదా?"

"అతనికి పెళ్ళి కాలేదు," అంది బ్రీజ్.

"నీకెలా తెలుసే?"

"నా దగ్గర జుట్టుకి రంగేయించుకునే ఆవిడ అక్క ఇక్కడే ఉంది. రంగు పట్టేదాకా నలభై నిమిషాలు కదలకూడదు కదా. అడిగినవన్నీ చెప్తారు."

"అంటే ఈ ట్రిప్పు..."

"ఆఁ. సంత దగ్గర హోటల్ కూడా అందుకే." బ్రీజ్ గ్లాసుని గుండ్రంగా తిప్పింది. "నూలా, నీకోటి చెప్పాలి. విన్నాక తిట్టు. కానీ చిప్స్ మాత్రం నా మీద పొయ్యకు, వేడిగా ఉన్నాయి."

"చెప్పి ఏడు."

"ఆవేళ బస్సు వెళ్ళిపోవట్లేదే. ఇంకా గంటన్నర టైముంది."

కుంపట్లో ఏదో చిటపటలాడింది.

"అతను నిన్ను ఉండిపొమ్మంటుంటే విన్నాను," అంది బ్రీజ్. "రెండోది విన్నాను. మూడోది పడిందంటే నువ్వు సరే అంటావని నాకు తెలుసు. అప్పుడు నేనొక్కదాన్నే ఆ బస్సులో ఇంటికెళ్ళాలి. పక్క సీటు ఖాళీగా... భయమేసిందే. ఇరవైమూడేళ్ళ గాడిదని. బస్సు ఎక్కి కూర్చున్నాక నీ మొహం చూశాను. అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను."

నూలాకి గంటన్నర ముందే ఎక్కి కూర్చున్న బస్సు గుర్తొచ్చింది. ఎందుకిది కదలట్లేదని తను రెండుసార్లు అడిగింది. డ్రైవర్ టీకెళ్ళాడంది బ్రీజ్. అంతసేపు టీ తాగే డ్రైవర్ ఎవడుంటాడు? తనూ మూడోసారి అడగలేదు.

"దొంగముండా," అంది చివరికి.

"అవును."

"పధ్నాలుగేళ్ళు నాకు ఊరికే జుట్టు కత్తిరించావు. అందుకేనా?"

"మరి? నీ మీద ప్రేమనుకున్నావా?"

నూలాకి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంది. నవ్వింది. కళ్ళు తుడుచుకుని చిప్స్ పళ్ళెం బ్రీజ్ వైపు తోసింది. "తిను."

"వద్దులే."

"తినవే!"

"వద్దే, ఆకల్లేదు."

"ఇది మూడోసారి. తింటావా, నెత్తిన పొయ్యనా?"

"సరే, ఇంతగా అడుగుతున్నావు కాబట్టి," అని బ్రీజ్ పళ్ళెం మొత్తం దగ్గరికి లాక్కుంది. నోటినిండా పెట్టుకున్నాక అసలు ప్రశ్న వేసింది. "రేపు అతనడిగితే, అది మొదటిదా, మూడోదా?"

నూలా చేతిలో గ్లాసు ఆగిపోయింది. "పాతవి రెండున్నాయిగా."

"పధ్నాలుగేళ్ళైంది. టీ అయినా చల్లారిపోదూ? మొదటిదేనేమో."

"మొదటిదైతే నా నోరు వద్దంటుందే! అలవాటు. పొద్దున దారిలో పెట్రోలు బంకువాడు అద్దం తుడవమంటారా అన్నా వద్దన్నాను."

"అతనేమో, ఇది మళ్ళీ వద్దంది అని ఇంటికి పోతాడు."

"అయితే నువ్వే అతనికి చెప్పు."

"నేను ఆ గోడ దగ్గరికి రానే," అంది బ్రీజ్. "నేనొస్తే ఏదో ఒక బస్సు వెళ్ళిపోతుంది."

*

ఆదివారం పొద్దున్న వాన ఆగింది. మావైపు వాన ఆగడమంటే ఇంకో వానకి చోటివ్వడమే. అయినా ఎండ ఓ మూల నుంచి తొంగి చూసింది. ఈతకొట్టే ముసలమ్మలు వణుకుతూ, బోలెడంత హాయిగా ఉందని అబద్ధాలాడుతూ బయటికొస్తున్నారు. బ్రీజ్ కారు దూరంగా ఆపింది. తాళంచెవులు పిడికిట్లో బిగించి, నోటికి కండువా అడ్డం పెట్టుకుని కూర్చుంది.

నూలా నడిచింది. గోడ దగ్గర డోనల్ అప్పటికే ఉన్నాడు. చంకలో ఫ్లాస్కు. ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా ముందు గోడని తన్నారు. పద్ధతి పద్ధతే.

"ఆవేళ నువ్వు పారిపోయావు," అన్నాడు డోనల్, సముద్రాన్ని చూస్తూ.

"బస్సు..."

"రెండుసార్లు వద్దన్నావు, సరే. అది మామూలే. మూడోది అడుగుదామని ఊపిరి తీసుకున్నా. ఆ ఊపిరి లోపలికెళ్ళేలోపు పరిగెత్తావు. మూడోది వినకుండా పరిగెత్తిందంటే ఇది నిజం వద్దు అనుకున్నా. ఉత్తరం రాద్దామని పెన్ను కూడా తీశాను. మూడోది కాయితం మీద ఎలా అడుగుతారు?"

"నువ్వే ఇంక అడగవనుకున్నా నేను," అంది నూలా. "బస్సు అప్పుడే వెళ్ళట్లేదు డోనల్. నిన్ననే తెలిసింది నాకు. గంటన్నర ఉందట."

అతను తిరిగి చూశాడు. దూరంగా కారులో కండువా వెనక దాక్కున్న మనిషిని చూశాడు. అర్థమైంది. కోపమొస్తుందేమోనని నూలా ఊపిరి బిగబట్టింది. డోనల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి గోడ మీది సముద్రకాకులు నాలుగు లేచి సరాసరి అమెరికా వెళ్ళిపోయాయి.

నవ్వయ్యాక ఫ్లాస్కు మూత తీసి టీ పోశాడు. ఆవిరి గాలికి పక్కకి వంగింది. కప్పు ముందుకి చాపాడు.

"టీ తాగుతావా?"

నూలా నోరు దానంతటది తెరుచుకుంది. అబ్బే, అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చేసింది.

"ఆగు," అన్నాడు డోనల్. "నిన్న రెండుసార్లు అడిగాను. ఇది మూడోది."

నూలా నోరు మూసుకుంది. రెండు చేతులతో కప్పు అందుకుంది. ఎంత వేడిగా ఉందో. ఎవరూ పాత లెక్క పారెయ్యలేదన్నమాట.

"ఒక్క చుక్క," అంది.

సగం తాగేదాకా చూశాడు డోనల్. కనుబొమ్మ మీద గాటు గోక్కున్నాడు. ఆ అలవాటు కూడా పోలేదు.

"ఇంకోటి కూడా రెండు దగ్గర ఆగిపోయింది," అన్నాడు.

"ఊఁ."

"అది కూడా మూడోదే. మళ్ళీ మొదట్నుంచి అడిగే ఓపిక లేదు నాకు." ఊపిరి తీసుకున్నాడు. ఈసారి ఎవరూ పరిగెత్తుకు రాలేదు. "ఉండిపో, నూలా."

"ఉంటా," అంది నూలా. అంత పొట్టి మాట కోసం పధ్నాలుగేళ్ళు. "సొరుగులో కాయితం ఒకటుంది. సంతకం పెడితే చాలు. మంగళవారం పెడతా."

"రేపో?"

"రేపు సెలవు కదా. రేపు నీ తాడు నేను కడతా. నువ్వు కట్టింది చూశాంగా."

వాన మొదలైంది. ఇద్దరి మీదా నూలా గొడుగు విప్పింది. రెండు ఊచలు విరిగిపోయి ఓ పక్క వేలాడుతోంది. సగం వాన లోపలికే వచ్చింది. ఎవరూ జరగలేదు.

దూరంగా కారు బయల్దేరిన చప్పుడైంది. నూలా తిరిగి చూసింది. బ్రీజ్ ఒక్కతే, స్టీరింగు గట్టిగా పట్టుకుని, మెడ నిటారుగా పెట్టుకుని డ్రమ్‌కీల్ వైపు వెళ్తోంది. పక్క సీటు ఖాళీ కాదు. తన సంచీ, దాని మీద డోనట్ల పొట్లం, సీటు బెల్టు పెట్టి మరీ కూర్చోబెట్టింది.

మలుపు దగ్గర హారన్ మోగింది. ఒకసారి. రెండుసార్లు. ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు.

మూడోది కూడా మోగింది.